నేను తెచ్చిన చట్టం

నవంబరు 17, ఆదివారం

చెల్లెమ్మకు,

అన్నయ్య దీవెనలు. అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను, నా మోకాళ్లు మాత్రం ఆ మాటకు ఒప్పుకోవడం లేదు. సభలో నేను చేసిన పనికి గర్వపడుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఆసుపత్రిలో తోటి నర్సులందరికీ మా అన్నయ్యే అని చెప్పుకున్నావట. మూడు రోజులుగా జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

ఇద్దరూ సంతకం పెడితే తప్ప విడాకులు లేవన్న చట్టం ఇరవై రెండేళ్ల కిందట నేను తెచ్చిందే కదా. సంసారాలు కూలకుండా కాపాడుతున్నానని ఆ రోజు గంటసేపు మాట్లాడాను. మావాళ్లు బల్లలు చరిచారు. గోడలాంటి మనిషి అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. ఆ పేరు మీదే ఐదుసార్లు గెలిచాను. నీ భర్త పదకొండేళ్లు సంతకం పెట్టలేదు. నువ్వు ఎక్కడ గది తీసుకున్నా వచ్చి తలుపు బాదేవాడు. పోలీసులు వచ్చి, మొగుడూ పెళ్లాల గొడవలే అని వెళ్లిపోయేవారు. అతను పోయాకే నీకు నిద్ర పట్టింది.

ఇప్పుడు అవతలి పార్టీ లాయరమ్మ ఆ చట్టం రద్దుకు బిల్లు పెట్టింది. మా నాయకుడు నన్ను గదికి పిలిచి, గోడగారూ, మీరు లేచి నిలబడితే చాలు, మనవాళ్లెవరూ జారరు అన్నాడు. నాలుగు పేజీలు రాసుకుని వెళ్లాను. లేచాను. మైకు ఎర్రదీపం వెలిగింది. మొదటి పేజీ చూస్తూ అలాగే నిలబడ్డాను. ఒంట్లో బాగాలేదా అని స్పీకరు అడిగాడు. ఒళ్లు బాగానే ఉందండీ, ఈ కాగితాల్లో ఉన్నదే నేనిక నమ్మడం లేదు అని కూర్చున్నాను. వాళ్లవైపే ఓటేశాను. అయినా ఆరు ఓట్ల తేడాతో నా చట్టమే నెగ్గింది.

నా సీటు చివరి వరసలో తలుపు పక్కకు మార్చారు. నిన్న జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే, ముప్ఫై ఏళ్లుగా కబుర్లు చెప్పే మంగలి నేరుగా కత్తెర అందుకున్నాడు. సగం పనయ్యాక, మా అమ్మాయి కాపురం నిలబెట్టింది మీ చట్టమే సార్, ఇప్పుడు మీరే కాదంటే ఎట్లా అన్నాడు. అమ్మాయి సంతోషంగా ఉందా అని అడిగాను. కత్తెర ఆగింది. ఉందనే అనుకుంటున్నాం సార్ అన్నాడు.

ఈసారి పోటీ చెయ్యను. ఓపిక లేదు. ఇకనైనా ఉతికిన బట్టలు ఆరేస్తారేమో చూద్దాం అంటోంది మీ వదిన.

ఏనాడూ నీ మంచి కోరకపోయినా నీ అన్ననని చెప్పుకున్న,
అన్నయ్య

తా.క. అసలు మాట రాయకుండానే కవరు అంటించబోయాను. పాపం అన్నయ్యకు అప్పుడేమీ తెలియదు, తెలిస్తే అలా చేసేవాడా అని అందరితో అంటావు. ఇరవై రెండేళ్ల కిందటి ఓటింగుకు ముందురోజు అమ్మ నా క్వార్టరుకు వచ్చింది. నీ ఎడమ చెవికి వినికిడి ఎలా పోయిందో, ఎవరు కొట్టారో అంతా చెప్పింది. ఈ చట్టం వద్దురా అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే నా పరువేం కావాలి అన్నాను. తను వచ్చినట్టు నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పోయేదాకా అమ్మ ఆ ఒట్టు తప్పలేదు. మర్నాడు గంటసేపు మాట్లాడాను చెల్లీ. తెలిసే మాట్లాడాను.