పన్ను కట్టినవాడి కేక

లుమ్తురి అక్కా,

నిన్న మా పురపాలక సంఘంలో జరిగిన గొడవ చూస్తే రాజధాని టిరానాలో ఉన్న నువ్వు కూడా ఎగిరి గంతేసేదానివి! పట్టణం ఆదాయం దేనికి ఖర్చు పెట్టాలో జనాన్నే అడుగుదామని, పన్నుల అధికారిగా నేనే సభ పెట్టించాను. ఎవరూ రారనుకుంటే, హాల్లో నిలబడటానికి చోటు లేదు.

మేయర్ బావమరిది బర్ధిల్ తెలుసుగా? ఆ మధ్య అతని హోటల్ పన్ను బాకీ అడిగితే, "నీ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో చూస్తా" అన్నాడు. మేయర్ ఫోన్ చేసి బెదిరించినా వినకుండా హోటల్ తలుపుకి నోటీసు అంటించాను. చచ్చినట్టు కట్టాడు. నిన్న అతనే లేచి బల్ల గుద్దాడు.

"పన్ను కట్టానయ్యా! మా వీధిలో దీపాలేవి?"

"ఇన్నేళ్లూ ఎగ్గొట్టి ఇప్పుడు దీపాలా? ముందు మా కుళాయిల్లో నీళ్లు రానీ!" అని ముసలమ్మలు అతని మీద పడ్డారు.

మేయర్ చెమట తుడుచుకుంటూ అందరికీ జవాబు చెప్పాడు, బావమరిదితో సహా! వచ్చే నెల మళ్లీ సభ పెట్టమని బర్ధిలే పట్టుబట్టాడు.

నీ చెల్లి