మన బావి నీళ్ళ సీసా

అమ్మడూ, నా గురించీ నీ పెనిమిటి గురించీ బెంగ పెట్టుకోకు. నిన్నటి సభ తరువాత ఇద్దరమూ పక్కపక్కనే కూర్చుని భోంచేశాము.

మన పొలాల కింద గ్యాస్ తవ్వుతామంటూ కంపెనీ పెట్టిన సభ అది. వారి తరఫున మాట్లాడినది అల్లుడే. రైతులెవ్వరూ ఒప్పుకోకపోయేసరికి నావైపు తిరిగి, "మామయ్యగారూ, భూమిని వసుంధర అన్నారు కదా! కడుపులో ధనం ఉందనేగా?" అన్నాడు.

"ఉంది నాయనా. కానీ ఆ మాటలో ఉన్నది ధరించడమే, ఇవ్వడం కాదు. మా అమ్మాయి మెడలో గొలుసు వేసుకుంది. అందుకని ఎవడైనా తెంపుకుపోవచ్చా?" అన్నాను. సభ గొల్లుమంది. మీ అన్నయ్య, "పద బావా, నిన్ను తిట్టాలన్నా ముందు అన్నం తినాలి" అంటూ అతణ్ణి ఇంటికి లాక్కువచ్చాడు.

అల్లుడు అలగలేదు. పెరటి బావి నీళ్ళు రెండు గ్లాసులు తాగి, "మీ అమ్మాయికి ఈ నీళ్ళంటే ప్రాణం" అని నీకోసం సీసా నింపుకున్నాడు.

పాపకు దగ్గు తగ్గినదా? నా కళ్ళజోడు మీ ఇంట్లోనే మరచిపోయాను, పంపించు.

ఆ నీళ్ళు కాచకుండా తాగు. తాగి, గొట్టాలు దిగిన తరువాత కూడా ఈ తీపి నిలుస్తుందా అని అతణ్ణే అడుగు. సభలో పదానికి అర్థం చెప్పగలిగాను గాని, ఇంటికి వచ్చిన అల్లుణ్ణి ఈ మాట అడగడానికి నాకు నోరు రాలేదు.

మీ ముగ్గురికీ తాగే నీరు ఎల్లప్పుడూ తీయగా ఉండుగాక.

మీ నాన్న