పోస్టరు మీది చిరిగిన శాలువా

చెల్లీ,

మీ ఊళ్లో ఆ పోస్టరు చూసి, "నీకెవరూ లేరా అక్కా? మేమంతా చచ్చామా?" అని ఫోన్ పెట్టేశావు. అందుకే కాగితం తీశాను.

అందులో ఉన్నది నేనే. మా కుట్టుకేంద్రానికి విరాళాలకని ఫొటో తీస్తామంటే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. ఫొటో తీసే అమ్మాయి దాని మీద చిరిగిన శాలువా కప్పి, "నవ్వకండి పిన్నిగారూ, నవ్వితే ఎవరిస్తారు?" అంది. కొత్త పిల్లలకు మిషన్లు వస్తాయని ఊరుకున్నాను. కింద "ఈమెకు ఎవరూ లేరు" అని రాస్తారని ఆ దేవుడి సాక్షిగా తెలియదు.

ఇక్కడా బస్టాపులో పెట్టారు. వాన ఆ ముఖం మీదుగా మెల్లగా జారుతుంటే, ఎవరో పరాయి మనిషిలా తోచి, ఆమె కోసం కూడా దణ్ణం పెట్టుకుంటున్నాను.

కానీ ఆ చేతులు చూడవే. దుఃఖంతో శాలువా బిగించిందని అనుకుంటున్నారు జనం. నేను చిరుగు అంచులు రెండూ దగ్గరికి పట్టుకుని, ఎన్ని కుట్లు పడతాయా అని చూస్తున్నాను. నీ గౌను చిరిగినప్పుడు అమ్మ కంటపడకుండా అలాగే పట్టుకుని నిన్ను ఇంట్లోకి నడిపించేదాన్ని. ఫొటో తీస్తున్నప్పుడూ నువ్వే గుర్తొచ్చావు. ఎవరూ లేనిదాని చేతులా అవి?

ఈ ఉత్తరం దాచుకో. మరిదిగారికి కూడా చూపించకు. మిషన్లు ఇంకా రాలేదు.

నీ అక్క