మునివేళ్ల నడక

ఆగస్టు 2006, శనివారం రాత్రి

వాణిని ఈ రోజు బ్యాలే తరగతిలో చేర్చాను. ఒక గంటైనా ఈ ఇంటిని మరిచిపోతుందని నా ఆశ. బయలుదేరేటప్పుడే అత్తగారు గుమ్మానికి అడ్డం నిలబడింది.

"తల్లి పోయి ఏడు తిరగలే, బిడ్డ కాలికి గజ్జె కట్టను పిలుచుకొని పోతావా?"

"ఈ ఆటకు గజ్జెలుండవు అత్తా. సద్దే ఉండదు."

"సద్దు లేని ఆట ఏం ఆటబ్బా!"

జవుళి కొట్టు మేడమీది స్టూడియోలో టీచరు పిల్లలందరినీ మునివేళ్ల మీద నడవమంది. మిగతావాళ్లు తూలి, నవ్వుతూ ఒకరి మీద ఒకరు పడ్డారు. వాణి మాత్రం హాలు ఆ చివరిదాకా తొణకకుండా నడిచింది. టీచరు ముచ్చటపడి, ఎవరు నేర్పారని తమిళంలో అడిగింది. వాణి నన్ను చూపించింది. అక్కడి తల్లులంతా మెచ్చుకోలుగా నా వైపు తిరిగారు.

నేర్పింది నేనే. రుక్మిణి మంచం పట్టిన నెలల్లో, "అమ్మకు ఇప్పుడే కన్ను మూతపడింది, సద్దు చేయొద్దు" అని రోజూ చెప్పేవాణ్ణి. పిల్ల మడమ నేలకు ఆన్చడమే మానేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా వాళ్లమ్మ గది ముందు అలాగే నడిచింది.

"మడమ ఆనించి నడువమ్మా. లోపల ఎవరూ పండుకోలేదు."

"టీచరు ఇంట్లో కూడా ఇట్లే నడవమనింది నాయినా."

ఇక నేను వద్దనలేను. వంటింట్లో అత్తగారు కోపంగా గిన్నెలు ఎత్తెత్తి పడేస్తోంది. ఈ రోజుకు ఆ చప్పుడే నయమనిపించింది.