ఇడియోపతిక్

కవిటి, జూన్ 2015

ప్రియమైన అక్కకు,

ఫోనులో అయితే ఆయన వింటారని ఉత్తరం రాస్తున్నాను. మీ మరిదికి కిడ్నీలు పాడయ్యాయి. పెద్దాసుపత్రి డాక్టరు కాగితం మీద ‘ఇడియోపతిక్’ అని రాశాడు. అదేమిటని అడిగితే, “చెప్పినా నీకర్థం కాదమ్మా” అని తల తిప్పుకున్నాడు. బయట కాంపౌండరు మాత్రం, “సొంతంగా తెచ్చుకున్న జబ్బని అర్థం” అన్నాడు. అంతే! మందు చుక్క ముట్టని మనిషి, ఏ పాపం చేశానో అంటూ మూలన కూర్చున్నారు. డయాలసిస్‌కు రానంటున్నారు. మా అత్త, “నా కొడుకు దొంగసాటుగా ఏటి తాగేడే? సెప్పవేటి?” అని నన్ను నిలదీస్తోంది. నువ్వు కాలేజీలో ఇంగ్లీషు చెబుతావు కదా, ఆ మాట సంగతేమిటో రాయి.

నీ చెల్లెలు,
కుమారి

విజయనగరం

ఒసే కుమారీ, నా బంగారూ,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయిందే. ఆ మాట గ్రీకు భాషలో పుట్టింది. ‘ఇడియోస్’ అంటే సొంతమైన, ‘పాథోస్’ అంటే బాధ. మరో జబ్బు వల్ల కాకుండా తనంతట తానే వచ్చిన జబ్బును పాతకాలపు వైద్యులు అలా అన్నారు. ఇప్పుడు దాని అర్థం ఒకటే: కారణం తెలియదు! ‘తెచ్చుకున్నది’ అని అందులో ఎక్కడా లేదు. ‘ఇడియట్’ కూడా ఆ ‘ఇడియోస్’ కడుపున పుట్టిందే. ఆ కాంపౌండరుకు చెప్పు. తెలియదని చెప్పడానికి ఆ డాక్టరుకు తెలుగులో ఒక్క ముక్క దొరకలేదా? ఇది మరిదికి చదివి వినిపించు. ఎలా ఉన్నారో వెంటనే రాయి.

నీ అక్క,
అనూరాధ

కవిటి, ఆగస్టు

అక్కా,

వినిపించాను. “అయితే నా తప్పు నేదా? మళ్ళీ సదువు” అన్నారు. మర్నాడే అత్తను కూడా తీసుకుని బయల్దేరాం. ఆయన్ని డయాలసిస్‌కు పంపి, నేను డాక్టరు గదిలోకి తోసుకుపోయాను. “తెలీదని సెప్పడానికి నోరు రానేదా బాబూ? ఆ మాటకి మా ఆయన సచ్చిపోబోయేడు!” అని అరిచాను. “నిజంగా తెలీదమ్మా” అన్నాడు డాక్టరు. మా అత్త అది విని, కొడుకు మంచం దగ్గర కూలబడి ఏడ్చింది.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నా కాళ్ళూ వాస్తున్నాయక్కా. నిన్న రక్తం చూశారు. నాదీ అదే జబ్బు. పక్కింటి దాలమ్మదీ అదే. మా వీధంతా తాగేది ఆ ఒక్క బోరు నీళ్ళే. ఇది ఒకరి సొంతమెలా అవుతుంది?

నువ్వు ఏడవకు. నాకిప్పుడు ఏడుపు రావడం లేదు, కోపమొస్తోంది. వచ్చే సోమవారం మా వీధి ఆడవాళ్ళమంతా బోరు నీళ్ళు బిందెల్లో పట్టుకుని కలెక్టరాఫీసుకు పోతున్నాం. పరీక్ష చేయించమంటాం. కారణం తెలీదని ఎవరైనా అంటే, ముందు ఒక గ్లాసు తాగమంటాం. నువ్వొచ్చి నా పక్కన నిలబడు.

కుమారి