బాపు షెడ్డులో కారు లిఫ్ట్

నవంబర్ 4
గెలిచాను. కళాశాల వేదిక మీద కాదు — మా షెడ్డులో, జాకీ మీద ఎత్తిన కారు కింద పడుకున్న బాపు మీద. బయటికి కనిపిస్తున్నవి రెండు కాళ్లే. ప్రత్యర్థి ముఖం చూడకుండా వాదించడం నాకిదే మొదటిసారి.

డాక్టరు రాసినది చదివి వినిపించాను. వెన్నులో నరం నలిగిపోతోంది. నేల మీద ఇలా మెలికలు తిరిగి పనిచేస్తే ఎడమ కాలికి స్పర్శే ఉండదు. కనుక కారు పైకి లేవాలి, మనిషి నిలబడాలి. మగ్గాలు అమ్మేసినా మూడు ఫేజుల కరెంటు ఉంది. రేకుల కప్పు ఎత్తుగా ఉంది. ఇక అభ్యంతరం ఏమిటి?

కారు కింది నుంచి — "కాళ్లతోటి గూడ కొట్లాడుతవా బిడ్డా?"

పానా కింద పెట్టిన చప్పుడు, ఆ వెంటే — "సరే తియ్."

నవంబర్ 6
సూరత్ పక్కన కిమ్ ఊళ్లో మూసేస్తున్న ఒక గ్యారేజీ. రెండు స్తంభాల లిఫ్ట్. నీలం రంగు, కారును మోసే నాలుగు ఇనుప చేతులు. నేను కాగితాలు చదివాను. బాపు మోటారుకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మంచిగ పాడుతుంది."

కొన్నాం.

నవంబర్ 9
స్తంభాలు షెడ్డులో పడుకుని ఉన్నాయి. అమ్మ వాటి చుట్టూ ఒకసారి తిరిగింది. "మంచిగనే ఉన్నయి. చీరెలు ఆరేసుకోవచ్చు."

బాపు నవ్వాడు. నవ్వితే నడుం పట్టేస్తుంది. అందుకే ఎప్పుడూ సగంలో ఆపేస్తాడు. ఆ మిగిలిన సగం విని ఎన్నాళ్లయిందో...

నవంబర్ 11
లిఫ్ట్‌తో వచ్చిన పటం చూసి, స్తంభాలు నిలిపే చోట నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాను. బాపు ఎడమ గుర్తును వేలితో తడిమాడు.

"రెండు కంబాలు జర అటు జరుపరాదు?"

ఎందుకని అడిగాను.

"ఊకనే."

కారణం చెప్పలేని ప్రతిపాదనను సభ పరిగణించదు అన్నాను. వేదిక మీద చప్పట్లు పడే వాక్యం. ఇక్కడ పడలేదు. బాపు చేతికంటిన సుద్ద దులుపుకుని టీకి వెళ్లిపోయాడు.

నవంబర్ 12
ఫిట్టర్ జిగ్నేశ్‌భాయ్ వచ్చాడు. కుడి స్తంభం మధ్యాహ్నానికే బిగిసిపోయింది. ఎడమ స్తంభానికి మొదటి రంధ్రం — డ్రిల్లు జానెడు దిగింది, ఒక్కసారిగా పిడి దాకా మునిగింది.

"నీచే పోలా హై, బెన్." కింద గుల్ల!

బయటికి లాగితే బిట్టు నిండా నూలు. ఎరుపు, పసుపు, కుళ్లిన ఆకుపచ్చ. ఇరవై ఏళ్లు పవర్‌లూములు మోసిన నేల ఇది. దీనికి పరీక్ష అవసరం లేదన్నది నేనే.

బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "గది తాత గుంట."

సాయంత్రం చెప్పాడు. సూరత్ వచ్చాక కూడా తాతకు గుంట మగ్గమే కావాలి. నేలలో గొయ్యి తవ్వి, అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, కింది చెక్కలు తొక్కుతూ నేసేవాడు. పవర్‌లూములు కొన్నప్పుడు చోటు చాలలేదు. తాత ఎవరిదో పెళ్లికని ఊరు వెళ్లిన నాలుగు రోజుల్లో బాపు ఆ గుంటను వేస్టు నూలుతో, బూడిదతో నింపి పైన సిమెంటు పోయించాడు. అడగకుండా. తాత తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. పోయేదాకా ఆ చోట కాలు మాత్రం పెట్టలేదు.

"తిట్టినా మంచిగుండు."

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదు బాపూ?"

"నువ్వు అడిగిన తీరుకు ఎట్ల చెప్పుదు బిడ్డా?"

నవంబర్ 13
జవాబు రాయడానికి కూర్చున్నాను. పదకొండో తేదీ పేజీ తిప్పి 'సభ పరిగణించదు' కింద గీత గీశాను.

నవంబర్ 14
కుడి స్తంభం బిగిసిపోయింది కనుక ఎడమదాన్ని జరపలేం. ఇక మిగిలినవి రెండే దారులు: గుంటను ఇనుముతో, కాంక్రీటుతో గట్టిగా నింపడం, లేదా లిఫ్ట్‌నే వదులుకోవడం.

తవ్వించాం. తట్టలకొద్దీ నూలు మట్టి. సిమెంటు పొర కిందే రాతి పలక బయటపడింది — తాత కూర్చున్న అంచు. మధ్యలో అరిగి నున్నగా ఉంది.

బాపు దాని మీద కూర్చుని కాళ్లు కిందికి వదిలాడు.

"గిట్ల కూసుంటే నడుం నొస్తలేదు."

నా దగ్గర రెండు వాదనలూ సిద్ధం. నింపాలని ఒకటి, వదిలేయాలని ఒకటి. రెండూ పటిష్ఠమైనవే. ఒక్కటీ వాడలేదు. పక్కన కూర్చున్నాను. పలక మీద ఇద్దరికి చోటు చాలదు. సగం మట్టి మీదే.

చీకటి పడుతుండగా ఆయనే — "నింపుదాం. నాకు కాలు గావాలె."

నవంబర్ 16
కాంక్రీటు కలిపారు. పోసేముందు అమ్మ వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది, తాత ఉన్నప్పటిలాగే.

"మామా, ఈసారి మీకు చెప్పి పూడుస్తున్నం."

బాపు గోడవైపు తిరిగి, అవసరం లేకపోయినా స్విచ్చుబోర్డు మూత తీసి చూడసాగాడు.

నవంబర్ 17
ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. పొద్దునా సాయంత్రమూ నీళ్లు పోయాలి.

నవంబర్ 21
పొద్దున లేచేసరికి కారు కింద మళ్లీ ఆ రెండు కాళ్లు! జోల్వా ఊరి డ్రైవరు తన కారుకు తొందరపెట్టాడట. కోపం వచ్చింది. నేల మీద పడుకుని పక్కనుంచి కిందికి జరిగాను.

"ఏందే?"

"నువ్వు లేచి కుర్చీలో కూర్చో. చెప్పు, నేను చేస్తా."

కింద ముఖాలు ఎంత దగ్గరగా ఉంటాయో! బాపు కనుబొమ్మలో తెల్ల వెంట్రుక ఒకటి, ఇప్పుడే చూశాను.

లేచాడు. కుర్చీ కిర్రుమంది. "పద్నాలుగు నంబరు పానా పట్టు. ఎడమకు తిప్పు. అరే, గది నీ ఎడమ... నట్టు ఎడమకు!"

నవంబర్ 29
నా ముఖం నిండా ఇంజన్ నూనె. అమ్మ: "పెండ్లిచూపులకు గిట్లనే కూసోబెడుత."

బాపు: "చేతిల పానా గూడ పెట్టు. ఒక్కడు ఎదురు మాట్లాడడు."

డిసెంబర్ 6
చర్చాపోటీ. ఎదుటి అమ్మాయి మాట మధ్యలో తడబడింది. సరిగ్గా అక్కడే పొడవాలి. ఆగాను. ఆమె వాక్యం పూర్తి చేసుకుంది — మంచి వాక్యం. ఓడిపోయాం. మా జట్టు నాతో మాట్లాడడం లేదు. నా మీద నాకూ కోపం తగ్గలేదు.

డిసెంబర్ 10
బాపు ఎడమ మడమ మీద నీళ్ల చుక్కలు వేసి, చల్లగా ఉందా అని అడిగాను. "ఉంది" అన్నాడు, కొంచెం ఆలస్యంగా. ఆ ఆలస్యం...

డిసెంబర్ 14
ఎడమ స్తంభం నిలబడింది. బోల్టులు కాంక్రీటును పట్టుకున్నాయి. జోల్వా డ్రైవరు కారును తెచ్చి నిలిపాం. మీట నా చేతిలో. కారు లేస్తుంటే ప్రతి మెట్టు దగ్గరా లాకు పడే చప్పుడు — టక్... టక్...

జిగ్నేశ్‌భాయ్ దాని కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. బాపు కదలలేదు. ఫిట్టర్ వెళ్లిపోయాక, షెడ్డులో మేం ముగ్గురమే మిగిలాక, కిందికి నడిచాడు.

బాపు అయిదున్నర అడుగులు. కారు ఆరడుగులకు పైన ఉంది. అయినా వంగే నడుస్తున్నాడు, మెడ భుజాల్లోకి ముడుచుకుని.

"బాపూ, తల తగలదు."

"ఎరుకనే బిడ్డా."

వంగే ఉన్నాడు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

"ఇంకింత లేపు."

టక్. టక్. కారుకూ రేకుకూ మధ్య ఇక జానెడే.

పానా పట్టిన చెయ్యి పైకెత్తాడు. నట్టు అందలేదు. ఇప్పుడది అందాలంటే నడుం నిలపాలి. చెయ్యి అలాగే గాలిలో ఆగింది. ఎడమ మడమను నేలకు గట్టిగా ఆనించాడు.

నా వేలు, దింపే మీట మీద. నొక్కలేదు. ఆయనా దింపమనలేదు.