మీసాల్లేని మల్లన్న

అవ్వా,

నీ మల్లన్న దేవుణ్ణి పదవి నుంచి దించినందుకు, యావత్ రోము సామ్రాజ్యం తరఫున నన్ను మన్నించు.

గొర్లు కాస్తుంటే చెల్కలో నీకు దొరికితే దేవుని గూట్లో పెట్టి మొక్కిన వెండి బిళ్ల మీద ఉన్నది మల్లన్న కాదు, రోము చక్రవర్తి. వర్తకుల చేతుల్లో ఆ నాణేలు మన నల్లగొండ దాకా వచ్చాయి. హిస్టరీలో బీఏ చేసిన మనవడిగా, మ్యూజియంకు ఇద్దామని ఇంట్లో చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

"మల్లన్నకు మీసాలుంటయి గదా బాపూ, ఈయనకేవి?" అని అడిగాను.

"తిర్పతికి పోయొచ్చిండేమోరా" అన్నాడు బాపు. ఇదీ మనింట్లో పరిశోధన.

నిన్న నీ సంవత్సరీకం అయ్యాక ఆయనే మెత్తబడ్డాడు. "తీస్కపో. గని గా పసుపు జర కడుగు, నవ్వుతరు."

చెంబెడు నీళ్లు, పాత బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. నువ్వు పోయినాక ఆ బిళ్లనెవరూ ముట్టలేదు. చక్రవర్తి చెంప మీద నువ్వద్దిన బండారి పసుపు ఎండిపోయి ఉంది, నీ బొటనవేలి గీతలతో సహా.

బిళ్లను మళ్లీ దేవుని గూట్లో పెట్టి, మ్యూజియం బంద్ ఉందని బాపుకు చెప్పాను. చరిత్రకు నేను చేసిన సేవ ఇదొక్కటే.